పైభారం అంటే మన పొలమే

ఆ రోజు గ్రామసభలో కాగితం చదివి వినిపించింది మేమే. ఈ సంగతి ముందు ఒప్పుకుని తర్వాత మిగతాది రాస్తాం.

మేము ముగ్గురం టీచర్లం. ముగ్గురం ఆదివాసీలమే. డైట్‌లో శిక్షణ పూర్తి చేసుకుని మళ్ళీ కొండమీది బడులకే వచ్చినవాళ్ళం. సభ చింతచెట్టు కింద పెట్టారు. కింద నుంచి జీపులో వచ్చినవాళ్ళు తెచ్చిన కాగితం తెలుగులోనే ఉంది గానీ, ఆ తెలుగు ఊళ్ళో ఎవరి నోటా వినపడే తెలుగు కాదు. "మీ మేష్టర్లు ఉన్నారు కదా, వాళ్ళే చదివి చెప్తారు" అన్నారు. మాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. నలుగురిలో చదువుకున్నవాళ్ళుగా నిలబడ్డాం కదా!

కాగితంలో "లేటరైట్ అనే చిన్న తరహా ఖనిజం" అని ఉంది. లేటరైట్ అంటే ఎర్రరాయి అని చెప్పాం. "చిన్న తరహా ఖనిజం అంటే?" అని ఎవరో అడిగారు. "చిన్న రాయి" అన్నాం. చిన్న రాయి అంటే మా ఊళ్ళో కంకర. రోడ్డుకు కావాలి కాబోలు అనుకున్నారు జనం. రోడ్డు కోసం అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాం. వేలిముద్రలు పడ్డాయి. లీజు కూడా మన కుర్రాడి పేరు మీదే అన్నారు, ఇంకేం అనుకున్నాం. తర్వాత లారీలు ఎవరివో అందరికీ తెలిసింది.

రెండో వానాకాలానికి గెడ్డ ఎర్రబడింది. కింద చోడి మడుల్లో ఒండ్రు మేట వేసింది. ఒక మామ్మ బడి దగ్గరికి వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగింది: "సిన్న రాయన్నావు గదా మేష్టరూ, మరి ఇంత కొండ ఏటయిపోయింది?"

ఆమెకు చెప్పాల్సిన జవాబు మాకు ఆ రోజు తెలియదు. ఆ తర్వాత నేర్చుకున్నాం. అది ఇక్కడ రాస్తున్నాం.

గని చట్టంలో "చిన్న" అన్న మాటకు రాయి సైజుతో సంబంధం లేదు. తవ్వే గోతి లోతుతో లేదు, లారీల లెక్కతో అసలే లేదు. 1957 నాటి గనుల చట్టం ఇళ్ళు కట్టే రాయి, గ్రావెల్, మామూలు బంకమట్టి, మామూలు ఇసుక వంటివాటిని చిన్న తరహా ఖనిజాలంది. వీటితో పాటు కేంద్ర ప్రభుత్వం ఏ ఖనిజాన్ని అలా ప్రకటిస్తే అది కూడా చిన్నదే అవుతుంది. ప్రకటించడం వల్ల చిన్నదవుతుంది! 2015 ఫిబ్రవరిలో ఒక్క నోటిఫికేషన్‌తో 31 ఖనిజాలు చిన్నవైపోయాయి. లేటరైట్ వాటిలో ఒకటి. ముందు రోజు రాత్రి పెద్దదిగా పడుకున్న కొండ మర్నాడు చిన్నదిగా లేచింది. కొండ మాత్రం కదల్లేదు. మారిందల్లా దాని మీద పెత్తనం ఎవరిదన్నది. చిన్న ఖనిజాలకు నిబంధనలు రాసేది, లీజులు ఇచ్చేది రాష్ట్రం. పెద్దవాటి పగ్గం కేంద్రం చేతిలో ఉంటుంది.

ఇక్కడే మనకు పనికొచ్చే మెలిక ఒకటుంది. దాన్ని మనం ఆ రోజు చేజేతులా పోగొట్టుకున్నాం. 1996లో వచ్చిన పెసా చట్టం ఏం చెబుతుందంటే, షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా ఖనిజానికి అన్వేషణ లైసెన్సు గానీ, గని లీజు గానీ ఇవ్వాలంటే ముందుగా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. అంటే "చిన్న" అన్న మాట వినపడగానే మనం చెవులు రిక్కించాలి. ఆ మాటకు అర్థం "మిమ్మల్ని అడగకుండా కుదరదు" అని. మేమేమో దాన్ని "పెద్దగా పట్టించుకోవాల్సిన పని లేదు" అన్నట్టు అనువాదం చేసి పెట్టాం.

ఇంకో మాట. మన తూర్పు కనుమల్లో లేటరైటూ బాక్సైటూ వేర్వేరు ఊళ్ళలో ఉండవు. ఒకే కొండ నెత్తిన, ఒకదాని మీద ఒకటి, ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి. అల్యూమినియం పాలు ఎక్కువుంటే బాక్సైట్, ఇనుము పాలు ఎక్కువుంటే లేటరైట్. బాక్సైట్ పెద్ద ఖనిజం, లేటరైట్ చిన్న ఖనిజం. బాక్సైట్ ఫైలులో పైనున్న లేటరైట్ పొర పక్కకు తోసేయాల్సిన చెత్త. లేటరైట్ ఫైలులో అదే పొర డబ్బులు తెచ్చే ఖనిజం. ఏ ఫైలు ముందు తెరిస్తే రాయికి ఆ పేరు. రాయి పేరు రాయిలో లేదు, ఫైలులో ఉంది. ఈ తేడా తెలియని ఊరు తన కొండ గురించి ఏం మాట్లాడగలదు?

మనలో కొందరు తమ్ముళ్ళు, ముఖ్యంగా డిగ్రీ చదువుతున్నవాళ్ళు, "సైన్సు పదాలకు కులం, తెగ ఉండవు మాస్టారూ, అవి ప్రపంచమంతటికీ ఒక్కటే" అంటారు. అలాగే అనుకుందాం. మరి ఆ పదాలు ఎక్కడ పుట్టాయో చూద్దాం.

లేటరైట్ అన్న పేరు పెట్టింది ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు. టిప్పు సుల్తాన్ పడిపోయాక దక్షిణాదిలో ఏమేం ఉన్నాయో రాసుకు రమ్మని కంపెనీ పంపితే మైసూరు, కెనరా, మలబారు తిరిగాడు. 1807లో అచ్చయిన పుస్తకంలో మలబారులోని అంగడిపురం దగ్గర చూసిన రాయి గురించి రాశాడు. తవ్వినప్పుడు మెత్తగా ఉంటుంది, గొడ్డలితో కోయొచ్చు, గాలి తగిలితే గట్టిపడుతుంది, జనం దాన్ని ఇటుకల్లా కోసి ఇళ్ళు కడుతున్నారు. స్థానికులు దాన్ని "ఇటిక కల్లు" అంటారని కూడా ఆయనే రాసిపెట్టాడు. తెలుగు వచ్చినవాళ్ళకు ఆ మాట వివరించనక్కర్లేదు. ఇటుక రాయి. లాటిన్‌లో "లేటర్" అన్నా ఇటుకే. అంటే ఆ రాయిని కోసేవాళ్ళు పెట్టుకున్న పేరునే లాటిన్‌లోకి మార్చి, అది శాస్త్రం పేరు అన్నారు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ పేరు జీపెక్కి మా చింతచెట్టు కిందికి వచ్చింది. ఇటుక రాయి అని చెప్పి ఉంటే మామ్మకు కూడా తెలిసేది.

బాక్సైట్ కూడా అంతే. ఫ్రాన్సులో లే బో అనే ఊరుంది. 1821లో బెర్తియే అనే ఆయన అక్కడి రాయిని పరీక్షించాడు. ఆ ఊరి పేరే ఖనిజానికి మిగిలింది. ఏదో ఫ్రెంచి పల్లె పేరు మన కొండలన్నిటికీ అతికింది. ఆ పల్లెవాళ్ళ తప్పేం లేదు.

అసలు కథ ఖొండలైట్‌ది. మన పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో "తూర్పు కనుమలు ఖొండలైట్, చార్నోకైట్ శిలలతో ఏర్పడినవి" అని బట్టీ పడతారు. ఖొండలైట్ అన్న పేరు 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టాడు. కలహండి ప్రాంతంలో తిరుగుతూ, అక్కడుండే ఖోండుల పేరు మీద పెట్టాడు. కోందులు, కువి వాళ్ళు, సామంతులు అని ఒక్కో చోట ఒక్కోలా పిలిచే మన చుట్టాల పేరది. మా బడిలో ఒక పిల్లవాడు అది "కొండల రాయి" అనుకున్నాడు. కొండ రాయి కాబట్టి కొండలైట్ అట. నవ్వుకున్నాం గానీ మాకూ డైట్‌లో ఎవరూ చెప్పలేదు. చార్నోకైట్ సంగతి వేరు. కలకత్తా పట్టణానికి పునాది వేశాడని చెప్పే జాబ్ చార్నాక్ అనే కంపెనీ దొర సమాధి మీది రాయిని చూసి, హాలండ్ అనే ఆయన 1893లో ఆ పేరు పెట్టాడు. మన కొండల కింద రెండు పేర్లు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఒకటి దొర సమాధిది, ఒకటి మనది.

ఖొండలైట్ వేల, లక్షల ఏళ్ళు వానకు నాని, కుళ్ళి, అందులోని మిగతావన్నీ కొట్టుకుపోతే మిగిలేదే బాక్సైట్. అంటే ఖోండుల పేరున్న రాయిలోంచి ఖనిజం వచ్చింది, ఖోండులేమో "ప్రాజెక్టు ప్రభావిత కుటుంబాల" జాబితాలోకి వెళ్ళారు. గోండ్వానా కూడా చూడండి. ప్రపంచంలో ఏ భూగోళం పుస్తకం తెరిచినా దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న మహాఖండం పేరు గోండ్వానా. గోండుల దేశం అని దాని అర్థం. సింగరేణి బొగ్గు పొరలు గోండ్వానా కాలానివే అని ఇంజనీర్లు చెబుతారు. ఆఫ్రికాకూ అంటార్కిటికాకూ మన పేరు సరిపోయింది. ఆదిలాబాద్‌లో, ఇల్లందులో పట్టా కాగితం దగ్గరకు వచ్చేసరికి చాలలేదు.

ఇప్పుడు గనివాళ్ళ మాటలు. ఇవి మరీ దగ్గరివి, రోజూ వినపడేవి.

"డిపాజిట్" అంటారు. ఈ కొండలో ఇంత డిపాజిట్ ఉంది. డిపాజిట్ అంటే ఎవరో తెచ్చి దాచుకున్నది. ఎవరు దాచారు? పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంది? తెలుగు చేస్తే "నిక్షేపాలు" అవుతుంది. మైదానంలో పాతకాలపు భూమి దస్తావేజులు చదివిన వాళ్ళకు తెలుసు, అమ్మేవాడు కొనేవాడికి నిధి, నిక్షేప, జల, పాషాణాలతో సహా అష్టభోగాలూ రాసిచ్చేవాడు. రాయీ, నీళ్ళూ, నేల కింద దొరికేదీ భూమి గలవాడివే అని వాళ్ళ కాగితమే ఒప్పుకుంది. 2013లో కేరళ మలబారు భూముల కేసులో సుప్రీంకోర్టు కూడా, నేల అడుగున ఉన్నదంతా ప్రభుత్వానిదే అని చెప్పే చట్టమేదీ లేదంది. మరి కొండ ఎక్కేసరికి నిక్షేపం ఒక్కసారిగా "జాతి సంపద" ఎందుకవుతుంది? జాతి అంటే ఎవరు, అందులో మనం ఉన్నామా అని అడిగితే కోపం వస్తుంది.

"బోరు" ఇంకో మాట. మా పక్క ఊళ్ళో బోరు వేస్తామని బండి వచ్చింది. ఎండాకాలం. ఆడవాళ్ళు బిందెలు తెచ్చుకుని కూర్చున్నారు. రెండు రోజులు గొట్టం దింపి, రాతి కడ్డీలు పైకి తీసి, చెక్కపెట్టెల్లో వరసగా పేర్చుకుని, నంబర్లు వేసుకుని వెళ్ళిపోయారు. నీళ్ళేవని అడిగితే ఇది ఆ బోరు కాదన్నారు. అబద్ధం ఎవరూ ఆడలేదు. ఒకే మాట, రెండు అర్థాలు, అంతే. దీనికంటే ముందు దశను చట్టంలో "రికనైసెన్స్" అంటారు. యుద్ధానికి ముందు శత్రువు చోటు చూసి రావడానికి సైన్యం వాడే మాట అది. ఆ మాటను మేమేం పెట్టలేదు.

"రాయల్టీ", "సీనరేజి". లారీ దగ్గర నిలబడి ఎవరైనా చెప్పే మాటలే. సీనరేజి కట్టారా లేదా, బిల్లు ఉందా లేదా. రాయల్టీ అంటే రాజుకిచ్చే వాటా. సీనరేజి అన్న మాట ఫ్రెంచి "సెన్యూర్" నుంచి వచ్చింది. దాని అర్థం దొర. అంటే దొర వాటా. ముఠాదారులు పోయారు, జమీందార్లు పోయారు, తెల్లవాళ్ళు పోయారు. మన రాయి మీద దొర వాటా మాత్రం అదే పేరుతో వసూలవుతోంది, రసీదు కూడా ఇస్తారు.

ఇక "ఓవర్ బర్డెన్". సింగరేణిలో దీన్ని ముద్దుగా ఓబీ అంటారు. ఓపెన్ కాస్ట్ గని పక్కన గుట్టల్లా పోసే మట్టిని ఓబీ గుట్టలంటారు. కోయ, గోండు ఊళ్ళ పక్కన ఆ గుట్టలు మన కొండలకంటే ఎత్తు పెరిగాయి. కాగితాల తెలుగులో "అధిభారం" అనో "పైభారం" అనో ఉంటుంది. ఖనిజం మీద బరువుగా పడి ఉన్నది, తీసి అవతల పారేయాల్సింది. అందులో ఏముంటుంది? మొదటి రెండడుగుల మట్టి, చోళ్ళు, సామలు, వలిసెలు పండే మట్టి. ఆ మట్టిలో వేళ్ళు దించిన అడ్డాకు, విప్ప, కరక్కాయ చెట్లు. పెద్దవాళ్ళను పాతిపెట్టిన చోటు. శంకుదేవుడి రాయి. ఇదంతా బరువట. తవ్వేవాడి వైపు నుంచి చూస్తే అది నిజమే, వాడి డీజిలు లెక్కలో అది ఖర్చే. కానీ మన పిల్లవాడు పరీక్షలో "ఓవర్ బర్డెన్ అనగా ఖనిజంపై ఉండే పనికిరాని పదార్థము" అని రాసి రెండు మార్కులు తెచ్చుకుంటే, ఆ రెండు మార్కులకు తన తాత పొలాన్ని పనికిరానిదని రాసిచ్చినట్టే. తప్పు రాశాడని మార్కులు తగ్గించమని మేం అనడం లేదు. రాసేముందు ఆ పదార్థం ఏమిటో చూపించామా అని అడుగుతున్నాం. మమ్మల్ని మేమే అడుగుతున్నాం.

బడి సంగతికి వద్దాం. పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో లోహాల పాఠం ఉంది. ముడిఖనిజం, ఖనిజ మాలిన్యం, ద్రవకారి, లోహమలం, భర్జనం, భస్మీకరణం, ప్రగలనం. "లోహమలం" అనగానే క్లాసంతా నవ్వుతుంది, ఏటేటా నవ్వుతుంది, పదేళ్ళుగా మేం "నవ్వకండి" అంటూనే ఉన్నాం. ఒకసారి కొలిమి పని చేసే ఇంటి పిల్లవాడు వెనక బెంచీలోంచి లేచి "చిట్టెమా సార్?" అన్నాడు. అవును, చిట్టెమే. ఇనుము కరిగేటప్పుడు పైకి తేలి గడ్డకట్టే నల్లటి బుడగల రాయి. మా ఊరి కొలిమి వెనకాల కుప్పగా పడి ఉంటుంది. పాత కొలుముల చోట్ల నాగలికి తగులుతుంది. పిల్లలందరూ దాంతో ఆడుకున్నవాళ్ళే. పుస్తకం దానికి పెట్టిన పేరు చూసి తెలియని వస్తువు అనుకున్నారు.

కొలిమి ఇంటి పిల్లవాడికి తిత్తి తెలుసు, దాగలి తెలుసు, పట్టకారు తెలుసు. గొడ్డలికి పదును పట్టేటప్పుడు ఇనుము రంగు ఎంతవరకు వస్తే నీళ్ళలో ముంచాలో తెలుసు. "పదును" అన్న మాటే చూడండి, నేలకూ అదే మాట, కత్తికీ అదే మాట. దున్నడానికి సరిపడా తడి, కోయడానికి సరిపడా గట్టిదనం. రెండూ చేసేవాడు పుట్టించిన మాట అది. ఆ పిల్లవాడు ఆ ఏడాది రసాయన శాస్త్రంలో తప్పాడు.

మనకు లోహం తెలియదని ఎవరూ అనకూడదు. ఝార్ఖండ్‌లో నేతర్‌హాట్ పీఠభూమి మీద అసుర్ తెగవాళ్ళున్నారు. తరతరాలుగా రాయి కరిగించి ఇనుము తీసినవాళ్ళు. ముడిరాయిలో మూడు రకాలు గుర్తుపట్టి పోలా, బీచీ, గోటా అని మూడు పేర్లు పెట్టుకున్నారు. పోలా అంటే ఇంజనీర్లు మాగ్నటైట్ అనేది. గోటా లేటరైట్‌లో దొరికే హెమటైట్. ఇది పరిభాష కాదా? శాస్త్రం చేసే పని ఇదే కదా, చూడటం, వేరు చేయడం, పేరు పెట్టడం. ఇప్పుడు ఆ పీఠభూమి మీద బాక్సైట్ గనులున్నాయి. అసుర్ల కొలుములు ఆరిపోయాయి. మన తెలుగు వాచకంలో అసురుడంటే మాత్రం రాక్షసుడే, కోరలతో బొమ్మ కూడా వేస్తారు.

ఇంత చెప్పాక కొందరు పెద్దలు "అయితే ఈ ఇంగ్లీషూ సంస్కృతం పదాలన్నీ తీసిపారేసి మన భాషల్లో కొత్తవి తయారుచేద్దాం" అంటారు. మాకు ఆ తొందర లేదు. నలుగురు కూర్చుని తయారుచేసిన పదాలు నలుగురి దగ్గరే ఉండిపోవడం మనం చూశాం. పైగా గ్రామసభకు వచ్చే కాగితం మన కొత్త పదాల్లో రాదు. వాళ్ళ పదం మనకు వాళ్ళకంటే బాగా తెలియాలి. లేటరైట్ అన్నప్పుడు ఇనుము ఎంత పాలు, అల్యూమినా ఎంత పాలు, ఏ ల్యాబులో పరీక్షించారు, రిపోర్టు ఏదీ అని అడిగేంత తెలియాలి. అడగాలంటే ముందు ఆ పదం కింద ఉన్న చోటు మనకు తెలుసని నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం "చిట్టెమా సార్?" అన్న పిల్లవాడికి "అవునురా, అదే" అని చెప్పిన రోజు మొదలవుతుంది.

ఇంకొందరు తమ్ముళ్ళు నియమగిరిని చూపిస్తారు. "2013లో పన్నెండు ఊళ్ళు వద్దన్నాయి, గని ఆగింది. వాళ్ళు పరిభాష నేర్చుకుని గెలిచారా? మా కొండ, మా నియమరాజు అన్నారు, గెలిచారు" అంటారు. నిజమే, డోంగ్రియా కోందుల మాట ముందు ఏ ఇంజనీరు మాటా నిలబడలేదు. కానీ ఆ ఊళ్ళను అడగాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పడానికి ముందు ఎన్ని ఏళ్ళ పోరాటం ఉంది, అటవీ హక్కుల చట్టంలోని ఎన్ని మాటలను పట్టుకుని వాదించారు! పైగా ప్రతి కొండ కేసూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళదు. చాలా కొండలు చింతచెట్టు కింద ఒక పూటలో, ఒక తప్పు అనువాదంతో పోతాయి. మాది అలాగే పోయింది.

మన దగ్గరే జరిగిన సమత కేసు గుర్తు చేసుకుందాం. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గని లీజుల మీద మొదలైన గొడవ అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ఆదివాసీ కాని వ్యక్తికి ఇవ్వడం చెల్లదని 1/70 చెబుతుంది. ఇచ్చేవాడు ప్రభుత్వమే అయితే? ప్రభుత్వం "వ్యక్తి" కాదు కదా, దానికి ఈ చట్టం వర్తించదు అని వాదించారు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ చట్టంలో వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందని చెప్పింది. కాబట్టి ప్రభుత్వం తన పేరున ఉన్న భూమిని కూడా ఇక్కడ గిరిజనేతరులకు గని లీజుకు ఇవ్వకూడదు. ఒక్క మాట అర్థం మీద ఎన్ని కొండలు నిలబడ్డాయో చూడండి. ఆ మాట అర్థం ఏమిటని ఎవరో పట్టుబట్టి అడిగారు కాబట్టే అది జరిగింది. మేమేమో "చిన్న" అన్న మాట అర్థం అడగలేదు. మాకు తెలుసనుకున్నాం.

అందుకే తోటి టీచర్లకు మా మాట ఇది. గ్రామసభలో కాగితం చదవమంటే చదవకండి, ముందు రోజే కాపీ ఇవ్వమనండి. ఇవ్వకపోతే సభ వాయిదా వేయమని తీర్మానం రాయించండి. కాపీ దొరికితే ఆ రాత్రి కుర్రాళ్ళను కూర్చోబెట్టుకుని తెలియని ప్రతి మాట కిందా గీత గీయండి. మర్నాడు ఒక్కో మాటకు "ఇది మా ఊళ్ళో ఎక్కడుంది, వచ్చి చూపించండి" అనండి. ఓవర్ బర్డెన్ ఎక్కడుంది? చూపించమంటే వాళ్ళు నడిచి వెళ్ళి ఎవరిదో ఒకరి పొలంలో నిలబడాల్సి వస్తుంది. వేస్ట్ డంప్ ఎక్కడ పోస్తారు? వేలు చూపిస్తే అక్కడ గెడ్డ ఉంటుంది. సభ ఆలస్యమవుతుందని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, మన కొండకు అన్ని కోట్ల ఏళ్ళు పట్టింది.

మా బడిలో ఇప్పుడు ఒక నోటుబుక్కు నడుస్తోంది. రెండు గళ్ళు. ఒక గడిలో పుస్తకం మాట, రెండో గడిలో ఇంట్లో అడిగి తెచ్చిన మాట. తెలుగులో తెచ్చినా సరే, కువిలో తెచ్చినా, ఒడియాలో తెచ్చినా సరే. తప్పులుంటాయి, కొట్టివేతలుంటాయి, ఒకే రాయికి మూడు ఊళ్ళ మూడు పేర్లుంటాయి. ఏది సరైనదని మేం తేల్చడం లేదు.

ఆ మామ్మ మనవరాలు తొమ్మిదో తరగతి. కొండ అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో మామ్మను అడిగి బొమ్మ వేసుకొచ్చింది. పైన నల్లమట్టి, దాని కింద ఎర్రమట్టి, కింద గుల్లరాయి, దాని కింద తెల్లసుద్ద. గుల్లరాయిలో వాన దిగుతుంది, సుద్ద దగ్గర ఆగుతుంది, ఆగిన చోట పక్కకు ఊట వస్తుంది, మన గెడ్డ అక్కడ పుడుతుంది అని మామ్మ చెప్పిందట. ఎండాకాలం కూడా ఎందుకు ఎండదో అందుకే అట. ఇంకో గడిలో మేం గని ప్లాను చూసి రాశాం: టాప్ సాయిల్, ఓవర్ బర్డెన్, ఓర్, క్లే. నాలుగుకు నాలుగు సరిపోయాయి. ఊట వచ్చే చోటికి మాత్రం ప్లానులో మాట లేదు. ఆ గడి ఖాళీగా ఉంది.

పక్క కొండకు కూడా కాగితం వచ్చింది, మళ్ళీ లేటరైటే. సభ సంత మర్నాడు. ఈసారి చదివేది మేం కాదు. ఆ పిల్ల చదువుతానంది, మామ్మ పక్కన కూర్చుంటానంది. మేం నోటుబుక్కు పట్టుకుని వెనక నిలబడతాం.